మెషీన్ సిగ్నల్ కొట్టిందట, బంగారం తాకట్టు పెట్టమంటున్నారు

ఉదయగిరి కొండ కనిపించే ఒక పల్లె నుంచి వచ్చింది ఈ ఉత్తరం. పేరు, ఊరు వేయొద్దన్నారు. రాసిన సోదరికి 36 ఏళ్లు, భర్తకు 42, కొడుకు తొమ్మిదో తరగతి. ఐదెకరాల మెట్ట, అందులో రెండెకరాలు నిమ్మతోట. నాలుగేళ్లలో మూడు బోర్లు వేస్తే రెండింట్లో దుమ్మే లేచింది. బ్యాంకులో, బయట కలిపి తొమ్మిది లక్షల దాకా అప్పు. "మా ఆయన తాగడు, పేకాట ఆడడు, ఒకరి జోలికి పోడు. అందుకే ఈ పిచ్చి ఎట్టా పట్టిందో నాకు అర్థం కావడం లేదు" అని రాశారు.

లంకెబిందెల పిచ్చి అది. వాళ్ల చేలో ఓ మూల పాత పుట్ట, దాని పక్కన కూలిపోయిన రాతి కట్టడం ఉన్నాయి. రాత్రిళ్లు అక్కడ దీపం వెలిగేదని చనిపోయిన మామగారు చెప్పేవారట. అత్తగారు ఇప్పటికీ చెబుతారు. ఆర్నెల్ల కిందట బావగారు ఫోన్‌లో ఏదో వీడియో చూసి, గోల్డ్ డిటెక్టర్లు అమ్మే ఏజెంటును పిలిపించారు. అతను నల్ల సూట్‌కేసులో మెషీన్ తెచ్చాడు. పిస్తోలు పట్టుకున్నట్టు పట్టుకునే పిడి, ముందుకు పొడుచుకొచ్చిన యాంటెనా, చిన్న స్క్రీన్. కిలోమీటరు దూరం నుంచి, ముప్పై అడుగుల లోతు నుంచి బంగారాన్ని పట్టేస్తుందన్నాడు. నమ్మకం కోసం ఈ సోదరి చేతి గాజు తీయించి, అందరి ముందూ పెరట్లో పాతిపెట్టి, గేటు దగ్గర నుంచి నడుచుకుంటూ వచ్చాడు. యాంటెనా తిన్నగా గాజు వైపే తిరిగింది. భర్త చేతికిస్తే ఆయన చేతిలోనూ తిరిగింది. మర్నాడు చేలో పుట్ట దగ్గర "సిగ్నల్ కొట్టింది". అడుగున్నర తవ్వితే చిలుం పట్టిన రాగి ముక్క ఒకటి దొరికింది. చెంబు మూతి ముక్కలా ఉందట.

మెషీన్ ధర 4 లక్షల 20 వేలు. అన్నదమ్ములిద్దరూ చెరిసగం. 70 వేలు అడ్వాన్స్ ఫోన్‌లోనే పంపేశారు. భర్త వాటాలో మిగిలినదానికి ఈమె పన్నెండు సవర్ల బంగారం తాకట్టు పెట్టాలంటున్నారు. ఇవ్వనన్నందుకు ఆయన వారం నుంచి మాట్లాడటం లేదు. "లచ్చిమి గడప దాకా వస్తే కాలడ్డం పెడతా ఉండావు" అని అత్తగారి దెప్పుళ్లు. వచ్చే ఆదివారం ఏజెంటు మిగతా డబ్బు కోసం వస్తున్నాడు. "మెషీన్ అబద్ధమంటే నా కళ్ల ముందే తిరిగింది గదా. నిజమంటే నాకు మనసొప్పడం లేదు. పోలీసుల దగ్గరికి పోతే ఇంటి పరువు పోతుంది. పుట్టింటికి పోదామా అనిపిస్తా ఉంది. ఏం చేయమంటారు?" ఇదీ ఆమె అడిగింది.

అమ్మా,

ముందు ఆ గాజు సంగతి తేల్చుకుందాం. మిమ్మల్ని తికమక పెడుతున్నది అదే. అది తేలితే మిగతావి ఇంత భయపెట్టవు.

గాజు ఎక్కడ పాతారో ఆ రోజు పెరట్లో ఎవరెవరికి తెలుసు? ఏజెంటుకు తెలుసు, మీ ఆయనకు తెలుసు, మీకూ తెలుసు. మెషీన్ పట్టుకున్న ఇద్దరూ తెలిసినవాళ్లే. అలాంటప్పుడు యాంటెనాను తిప్పింది నేలలోని బంగారమా, పట్టుకున్నవాడి తలలో ఉన్న సమాచారమా అని విడదీసి చెప్పే దారి ఆ పరీక్షలో లేదు. మీరు చూసింది నిజమే, యాంటెనా తిరిగింది. ఎందుకు తిరిగిందన్నది మాత్రం మీరు చూడలేదు. ఏజెంటు చెప్పాడు.

ఇది మీరే ఇంట్లో చేసి చూడొచ్చు. మీ అబ్బాయిని సైకిల్ షాపు నుంచి రెండు పాత చువ్వలు తెమ్మనండి. ఒక్కోదాన్ని ఒక చివర బెత్తెడు దగ్గర వంచితే ఎల్ ఆకారం వస్తుంది. రీఫిల్ తీసేసిన రెండు పెన్నుల గొట్టాల్లో ఆ పొట్టి కొసలు దించి, గొట్టాలను గుప్పిట పట్టుకుని, పొడుగు కొసలు ముందుకు ఉండేలా మెల్లగా నడవమనండి. నేల మీద ఒక రూపాయి బిళ్ల పెట్టి "దాని మీదకు రాగానే పుల్లలు కలుసుకుంటాయి" అని చెప్పండి. కలుసుకుంటాయి. వాడు తిప్పలేదని ఒట్టేసి చెబుతాడు, అదీ నిజమే. చువ్వ అంత వదులుగా తిరుగుతున్నప్పుడు మణికట్టు వెంట్రుకవాసి వంగినా చాలు, కొస జానెడు జరుగుతుంది. మనం ఎదురుచూసే వైపుకు కండరాలు మనకు తెలియకుండానే కదులుతాయని 1852లోనే విలియం కార్పెంటర్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త వివరించాడు. ఇప్పుడు రూపాయి బిళ్లను ఒకేలా ఉన్న ఐదు పుస్తకాల్లో ఒకదాని కింద, వాడు గదిలో లేనప్పుడు దాచి, మీరూ బయటికి వెళ్లిపోయి, వాడిని మళ్లీ నడవమనండి. పుల్లలు అప్పుడూ కలుసుకుంటాయి. కాకపోతే ఎక్కడ పడితే అక్కడ.

ఏజెంటు మెషీన్‌లో యాంటెనా కూడా అలాగే వదులుగా తిరుగుతుంది. స్క్రీన్ ఉంది, బ్యాటరీ ఉంది, కుయ్‌మని మోగుతుంది. తిరిగే భాగం మాత్రం చువ్వే. అందుకే మీ ఆయన చేతిలోనూ తిరిగింది. ఆయన అబద్ధమాడలేదు, మిమ్మల్ని మోసం చేయాలనుకోలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఇంట్లో మాట్లాడేటప్పుడు అవసరమవుతుంది. "నువ్వే తిప్పావు" అన్నారంటే ఆ మాట దగ్గరే గొడవ మొదలవుతుంది.

ఇలాంటి పరికరానికి పల్లెటూరి రైతులే పడిపోతారనుకోకండి. ప్రభుత్వాలే పడ్డాయి. జేమ్స్ మెక్‌కార్మిక్ అనే బ్రిటన్ వ్యాపారి, పోయిన గోల్ఫ్ బంతుల్ని వెతికిపెడుతుందంటూ అమెరికాలో ఇరవై డాలర్ల లోపు అమ్మిన ఒక ఆటబొమ్మలాంటి దాన్ని తెచ్చి, పేరు మార్చి, బాంబులు కనిపెట్టే యంత్రమని ఇరాక్‌కు అమ్మాడు. పిడి, దానికి వదులుగా తిరిగే యాంటెనా, అంతే. బ్యాటరీ అక్కర్లేదు, పట్టుకున్న మనిషి ఒంట్లోని విద్యుత్తుతోనే పనిచేస్తుందన్నాడు. అందులో పెట్టే కార్డును కేంబ్రిడ్జ్‌లో విప్పి చూస్తే, దుకాణాల్లో సరుకు దొంగతనం పోకుండా అంటించే మామూలు ట్యాగ్ బయటపడింది. ఈలోగా బాగ్దాద్ చెక్‌పోస్టుల్లో సైనికులు దాన్ని పట్టుకుని బాంబుల కార్లను వదిలేశారు, జనం చచ్చిపోయారు. 2013లో లండన్ కోర్టు అతనికి 10 ఏళ్ల జైలు వేసింది. అదే కోవకు చెందిన జీటీ200 అనే పరికరాన్ని థాయ్‌లాండ్ సైన్యం కొన్నది. 2010లో అక్కడి ప్రభుత్వం సరిగ్గా పరీక్ష పెట్టిస్తే 20 సార్లకు 4 సార్లే సరిగ్గా చూపించింది. కళ్లు మూసుకుని చూపించినా అంతకు తక్కువేం రాదు. చదువుకున్న అధికారులు, సైన్యాధికారులు సంతకాలు పెట్టి కొన్నారమ్మా. మీ బావగారు వీడియో చూసి నమ్మడంలో వింతేముంది?

నిజమైన మెటల్ డిటెక్టర్లు లేవా అంటే ఉన్నాయి. సినిమా హాలు గుమ్మంలో, గుళ్లో మనల్ని తడిమేవి అవే. కాయిల్‌లోంచి పోయే అయస్కాంత తరంగం లోహానికి తగిలి, అక్కడ పుట్టిన చిన్న విద్యుత్తు తిరిగి కాయిల్‌కు కబురు చెబుతుంది. ఈ కబురు దూరంతో పాటు ఘోరంగా పడిపోతుంది. చిన్న వస్తువు రెండింతల దూరానికి పోతే సంకేతం 64 వంతుల్లో ఒక వంతుకు వస్తుంది. అందుకే మంచి డిటెక్టర్ కూడా నాణేన్ని పట్టేది జానెడు లోతులో, మహా అయితే అడుగు లోతులో. బిందె అంత లోహమైతే మీటరు, కాయిల్ బాగా పెద్దదైతే ఇంకొంచెం. కిలోమీటరు మాట ఏ కంపెనీ ఇంజనీరూ చెప్పడు. పైగా అది బంగారాన్నీ, సోడా మూతనీ కచ్చితంగా విడదీయలేదు. ఇనుము ఎక్కువున్న ఎర్రనేలల్లో ఊరికే మోగుతూ చంపుతుంది. అసలుదానికీ నకిలీదానికీ తేడా ఒక్క నిమిషంలో తెలుసుకోవచ్చు. అసలుదాన్ని ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టి, మనుషులంతా దూరంగా జరిగి, పుల్ల కొసకు ఉంగరం కట్టి దగ్గరికి జరిపినా మోగుతుంది. ఎవరు పట్టుకున్నారన్నది దానికి అక్కర్లేదు. మీ ఏజెంటు మెషీన్‌ను స్టూలుకు కట్టేసి ఉంగరం చూపించండి. "మనిషి చెయ్యి ఉండాలి, బాడీ ఎనర్జీ కావాలి" అన్నాడంటే మెషీన్‌లో ఏమీ లేదని తనే ఒప్పుకున్నట్టు.

ఇక రాగి ముక్క. మీ ఉత్తరంలో ఒక వాక్యం దాటేసి వెళ్లిపోయారు గానీ నేను అక్కడే ఆగాను. చేలో సిగ్నల్ చూడటానికి ముందురోజు సాయంత్రమే "సరిహద్దులు చూసొస్తాను" అని ఏజెంటు ఒక్కడే మోటారుసైకిల్ మీద చేనికి వెళ్లొచ్చాడని రాశారు. తవ్వేటప్పుడు మట్టి మెత్తగా వచ్చిందా, గట్టిగా వచ్చిందా అని ఎవరినైనా అడిగారా? మీ మెట్టనేల వేసవిలో గడ్డపార దిగనివ్వదు. అడుగున్నర లోతు సులువుగా వచ్చిందంటే ఆలోచించాల్సిందే. అతను పెట్టాడని నేను అనలేను, ఆధారం లేదు. పాత ఊళ్ల దగ్గర చేలల్లో చెంబుల ముక్కలు, కడియాలు, నాగలి కర్రులు మామూలుగానే దొరుకుతాయి, పుట్ట పక్కన కట్టడం ఉన్నచోట మరీనూ. అతను పెట్టినా, తనంతట తాను అక్కడున్నా, బంగారం వెతికే మెషీన్‌కు రాగి దొరకడం ఆ మెషీన్ గొప్ప కాదు కదా. "బంగారానికే లాక్ చేశాను" అన్నాడట. మరి రాగికెందుకు తిరిగింది? ఈ ప్రశ్న మీ బావగారిని అడగనివ్వండి, మీరు అడగొద్దు.

ఆదివారం గురించి చెబుతాను. మీకున్న దారుల్లో నాకు ఎక్కువ నచ్చింది ఇదే. "మెషీన్ వద్దు" అని మీరు అనడం మానేయండి. "కొందాం, బాకీ డబ్బు ఇచ్చే ముందు ఒక్కసారి సరిగ్గా చూద్దాం" అనండి. నాలుగు లక్షలు పెట్టి ట్రాక్టర్ కొన్నా ట్రయల్ చూస్తాం, మీ ఆయన కాదనలేరు. ఒకేలాంటి మూతల డబ్బాలు పది కొనండి. అన్నింటిలో ఇసుక పోసి ఒకే బరువు చేయండి. పెరట్లో రెండేసి బారల దూరంలో వరసగా పెట్టండి. ముందు గాజు ఏ డబ్బాలో ఉందో అందరికీ చూపించి, ఏజెంటును ఒకసారి తిప్పమనండి. అది తిరుగుతుంది. "ఈ రోజు, ఈ చోట మెషీన్ బాగా పనిచేస్తోంది కదా?" అని అతని నోటితోనే అనిపించండి, ఇది మరిచిపోవద్దు. తర్వాత అందరూ ఇంట్లోకి పోవాలి. మీ తోడికోడలు ఒక్కరే ఉండి, చీటీ తీసి, వచ్చిన నంబరు డబ్బాలో గాజు పెట్టి, చీటీ కొంగున ముడేసుకుని, వెనక గుమ్మంలోంచి పక్కింటికి వెళ్లిపోవాలి. ఆమె అక్కడే నిలబడితే ఆమె చూపు చూసి కనిపెట్టేస్తారు, వాళ్లకది అలవాటైన పని. ఇప్పుడు ఏజెంటు చూపించిన నంబరు కాగితం మీద రాయాలి, ఆ తర్వాతే మూత తీయాలి. ఇలా పదిసార్లు. గుడ్డిగా చూపించినా ఒకసారి తగలొచ్చు, రెండుసార్లూ తగలొచ్చు. కిలోమీటరు దూరం నుంచి పట్టే మెషీన్‌కు పదికి పదీ రావాలి. ఎనిమిదొచ్చినా నేనే మీ ఆయనకు క్షమాపణ ఉత్తరం రాస్తాను.

సాకులు వస్తాయి, సిద్ధంగా ఉండండి. సెల్‌ఫోన్ టవర్ అడ్డమొస్తోందంటాడు, తిథి బాగాలేదంటాడు, ఇంట్లో ఎవరికో నమ్మకం లేదంటాడు. ఎక్కువగా వాడే సాకు ఒకటుంది: "భూమిలో వందేళ్లు నానిన బంగారానికే మెషీన్ పలుకుతుంది, కొత్త బంగారానికి పలకదు." అంటే మొదటి రోజు మీ గాజు కూడా వందేళ్లు నానిందా అని అడిగితే చాలు. పరీక్షకు ఒప్పుకోకుండా సూట్‌కేసు సర్దుకున్నాడంటే అదీ జవాబే. ఈ దారిలో ఉన్న చిక్కు కూడా చెప్పాలి. పరీక్షలో మెషీన్ ఓడిపోయినా మీ ఆయన ఆ పూటే మారిపోతారని లేదు. నలుగురిలో ఓడిపోయినట్టుంటుంది, రెండు రోజులు మరింత ముభావంగా ఉండొచ్చు. అందుకే ఊరివాళ్లను పోగుచేయకండి. ఇంటివాళ్లు చాలు.

పరీక్షకు ఎవరూ ఒప్పుకోకపోతే బంగారం దగ్గర మీరు గట్టిగా నిలబడాలి. పుట్టింటివాళ్లు పెట్టినది, మీకు కానుకగా వచ్చినది మీ స్త్రీధనం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం దాని మీద పూర్తి హక్కు మీది. మీ ఇష్టం లేకుండా తాకట్టు పెట్టించే అధికారం భర్తకు లేదు. అయితే చట్టం మీ పక్షాన ఉండటం వేరు, ఆ ఇంట్లో ఆ మాట పైకి అనడం వేరు. అనగానే "నీదీ నాదీ అంటున్నావా" అని మొదలవుతుంది. చట్టం మాట ఎత్తకుండా, బంగారం మీ పేరు మీద బ్యాంకు లాకర్లో పెట్టి, "బాబు చదువుకు" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోవడం చాలామంది ఆడవాళ్లు చేసే పని. దానివల్ల గొడవ కొన్నాళ్లు సాగుతుంది గానీ బంగారం మిగులుతుంది. సగం ఇచ్చి సర్దుబాటు చేసుకుందామా అని కూడా రాశారు. శాంతి కోసం ఇవ్వాలనిపిస్తే నేను తప్పు పట్టను. కాకపోతే రెండు సంగతులు చూసుకోండి. తాకట్టు మీ పేరు మీద పెడితే నోటీసులు మీకే వస్తాయి. పైగా ఇలాంటి వ్యవహారం మెషీన్‌తో ఆగదు. సిగ్నల్ వస్తుంది, తవ్వితే ఏమీ ఉండదు, "నిధి జరిగిపోతోంది, కట్టు వేయాలి" అంటారు. అంజనం వేసేవాడు వస్తాడు, పూజకు లక్ష అంటాడు. పేపర్లలో మనం చదివే బలుల వార్తలు చాలావరకు ఈ మెట్టు దాటాక జరిగినవే. ఆ ఇంట్లోవాళ్లు మొదటి రోజే అక్కడికి పోదామనుకుని ఉండరు.

మీ తోడికోడలి గురించి ఉత్తరంలో ఒక్క ముక్కా లేదు. బావగారి వాటా రెండు లక్షల పది వేలు ఎక్కడి నుంచి వస్తుంది? ఆమె మెడలోంచే కదా. ముందు ఆమెతో మాట్లాడండి. ఇద్దరు కోడళ్లు ఒక మాట మీద ఉంటే అత్తగారి దెప్పుళ్ల జోరు తగ్గుతుంది.

"నిజంగానే ఉంటే?" అన్నది అత్తగారి ప్రశ్న. ఆమెను తీసిపారేయను. మీ జిల్లాలోనే దొరికింది. 1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్లగుట్ట పక్కన దున్నుతుంటే నాగలి ఇటుక కట్టడానికి తగిలింది. తవ్వితే చిన్న గుడి, దాని కింద ఓ చిన్న కుండ, అందులో రోమన్ బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల కాలం నాటివి. రైతు వాటిని పాత బంగారం లెక్కన అమ్మేశాడు. చాలావరకు కరిగించేశారు, ముప్పైకి పైగా ఆర్కాటు నవాబు కొడుకు చేతికి చేరాయి. మద్రాసులోని తెల్లదొర ఒకాయన 1787లో ఉత్తరం రాశాడు కాబట్టి ఈమాత్రమైనా తెలిసింది. కనిపెట్టింది నాగలి. నిధులు దొరికినవాళ్ల కథల్లో ఎక్కువ ఇలాగే ఉంటాయి: పునాది తవ్వుతుంటే, చెరువు పూడిక తీస్తుంటే. వెతికినవాళ్ల కథలు వేరు. 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా డౌండియా ఖేడాలో ఒక సాధువు కలలో వెయ్యి టన్నుల బంగారం కనిపించిందంటే, భూగర్భ సర్వే వాళ్ల పరికరాలు కూడా కింద ఏదో తేడా ఉందని చూపించాయి. పురావస్తు శాఖే తవ్వింది. కుండ పెంకులు, గాజుల ముక్కలు వచ్చాయి, బంగారం రాలేదు. 2017 చివర్లో మన కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో ప్రభుత్వ అనుమతితోనే తవ్వారు, అక్కడా బంగారు నిధి బయటపడలేదు. ఆ పరికరాలు నిజమైనవి. అవి నేలలో తేడా చూపించగలవు, ఆ తేడా బంగారమని చెప్పలేవు.

ఉదయగిరి కోట రాజుల సొత్తు కొండ చుట్టూ పాతిపెట్టారని మీ వైపు చెప్పుకుంటారు. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఆ కోటను గెలిచి, అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్లి గుడి కట్టించాడు. విగ్రహాన్నే వదలని సేన బిందెలు వదిలేసి పోయిందంటారా? అత్తగారికి ఈ మాట సరదాగా చెప్పి చూడండి.

ఒకవేళ దొరికినా సంగతేమిటో మీ ఆయనకు తెలియాలి. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. పది రూపాయలకు మించిన విలువ ఉన్నది ఏది నేలలో దొరికినా కలెక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పి, ట్రెజరీలో జమ చేయాలి. చెప్పకపోతే దొరికినవాడికి ఏడాది దాకా జైలు, సహకరించిన భూయజమానికి ఆర్నెల్ల దాకా. చెబితే అంతా పోతుందన్న భయం అనవసరం. సొంతదారు లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి నాలుగింట మూడు వంతులు, నేల యజమానికి ఒక వంతు. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువకు ఐదో వంతు కలిపి ఇవ్వాలి. నిధి దొరికితే తన వాటాగా ఏజెంటు అడిగిన ఇరవై శాతం "గుట్టుగా" ఇచ్చేది కాబట్టి, ఆ ఒప్పందంలో దిగిన రోజే మీ ఆయన నేరంలో దిగినట్టు. బావగారు కొండ మీదకు రాత్రిపూట వెళ్లి వస్తున్నారని రాశారు. అది ఇంకా పెద్ద ప్రమాదం. పట్టా చేనికి ఉన్న వెసులుబాటు అడవిలోనూ పాత కోటల దగ్గరా ఉండదు. పట్టుబడితే తమ్ముడి పేరూ కలుస్తుంది.

ఇంకో దారి ఉంది, ఇది మీవాళ్లకు నచ్చదు. ఆ రాతి కట్టడం గురించి పురావస్తు శాఖకు, తహసీల్దారుకు ఒక అర్జీ పెట్టడం. నిజంగా పాతదైతే వాళ్లొచ్చి చూస్తారు, ఇక ఎవరూ గడ్డపార వేయలేరు. నష్టమేమిటంటే, వాళ్లు దాన్ని పట్టించుకుంటే ఆ మూల సేద్యానికి ఇబ్బంది రావచ్చు, ఇంట్లో ఆ అర్జీ మీరే పెట్టారని తెలిస్తే ఆ మాట ఏళ్ల తరబడి ఉంటుంది. అందుకని మీ ఒక్కరిగా చేయొద్దు. మీ ఆయన ఒప్పుకుంటేనే.

ఆయన సంగతికి వద్దాం. తాగుడు, పేకాట లేని మనిషికి ఈ పిచ్చి ఎలా పట్టిందని ఆశ్చర్యపోయారు. తొమ్మిది లక్షల అప్పు ఉన్న రైతుకు నిమ్మకాయల మీద వచ్చేదెంతో తెలుసు, ఎన్నేళ్లకు తీరుతుందో లెక్క తెలుసు. ఆ లెక్క తేలని మనిషికి ఒక్క దెబ్బతో తీరిపోతుందని ఎవరైనా చెబితే వినాలనిపిస్తుంది. బోరు పాయింట్ కూడా కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడిచే ఆయనే చూపించి ఉంటాడు, మూడింట్లో ఒకటి పడింది కాబట్టి నమ్మకం మిగిలింది. ఇది ఎత్తిపొడుపుగా అనకండి. "అప్పు సంగతి ఇద్దరం కూర్చుని చూద్దాం" అని మీరే కదిలించండి. బయటి అప్పు వడ్డీ ఎంత, బ్యాంకుది ఎంత, దేన్ని ముందు తీర్చాలి, పంటరుణం రీషెడ్యూల్ అడగొచ్చా అని బ్యాంకు మేనేజర్ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి. మీ బంగారంలో కొంత ఏదైనా పనికి పెట్టాల్సి వస్తే, మూడు రూపాయల వడ్డీ బాకీని తీర్చడానికి పెట్టడం వేరు, మెషీన్‌కు పెట్టడం వేరు. ఆ మాట మీ నోటి నుంచి వస్తే, మీరు అడ్డం పడటం లేదని ఆయనకు అర్థమవుతుంది. వారం రోజుల మౌనం అక్కడే కరుగుతుందని నా ఊహ. కరగకపోవచ్చు కూడా.

పుట్టింటికి వెళ్లే ఆలోచన ఆదివారం దాకా పక్కన పెట్టండి. మీరు లేని ఇంట్లో బీరువా ఉంటుంది, ఏజెంటు ఉంటాడు. ఆయన చెయ్యి చేసుకున్నా, బలవంతంగా తీసుకోబోయినా అప్పుడు లెక్క వేరు, వెంటనే బయల్దేరండి, 181కు ఫోన్ చేయండి.

పోలీసుల విషయం. 70 వేలు ఫోన్‌లో పంపారు కాబట్టి జాడ ఉంది. పంపిన స్క్రీన్‌షాట్లు, అతని వాట్సాప్ మాటలు, కిలోమీటరు అని చెప్పిన వాయిస్ మెసేజ్‌లు అన్నీ మీ అబ్బాయి ఫోన్‌లో కూడా దాయించండి. ఆదివారం అతను వస్తే జీఎస్టీ బిల్లు, కంపెనీ అడ్రస్, "పనిచేయకపోతే డబ్బు వాపసు" అని సంతకం చేసిన కాగితం అడగమనండి. ఇవ్వడు. అడ్వాన్స్ తిరిగి అడగండి. కాదన్నా, రాకుండా ఫోన్ కట్టేసినా, సైబర్ మోసాల నంబరు 1930కి ఎంత తొందరగా చెబితే అంత మంచిది. స్టేషన్‌లో ఇచ్చే ఫిర్యాదు భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసు అవుతుంది. పరువు గురించి భయపడ్డారు. ఫిర్యాదులో మీరు రాయాల్సింది "పనిచేయని యంత్రం అమ్మబోయాడు" అని, అందులో మీ కుటుంబం తప్పేమీ లేదు. తవ్వకాల ఊసు అందులోకి ఎలా వస్తుంది, ఎంత వస్తుంది అన్నది మాత్రం ముందే ఒక వకీలును అడిగి తెలుసుకోండి. ఫీజుకు జంకక్కర్లేదు, న్యాయ సేవా సంస్థ నంబరు 15100కు ఫోన్ చేస్తే ఆడవాళ్లకు ఉచితంగా వకీలును ఇస్తారు. ఫిర్యాదు మీ ఆయన పేరు మీద వెళితేనే బాగుంటుంది, డబ్బు ఆయన ఫోన్ నుంచి పోయింది కాబట్టి.

ఆ 70 వేలు రాకపోయినా, రాలేదన్న కోపంతో మిగతా మూడున్నర లక్షలు దాని వెనక పంపొద్దని మీ బావగారికి మీ తోడికోడలితో చెప్పించండి. డబ్బాలు శనివారం సంతలోనే కొనేసుకోండి, ఆదివారం పొద్దున షాపు తీసే లోపే అతను దిగుతాడు.